చిగుసా: ఒక సరుకు జాడీ, దాన్ని చూసినవాళ్ళు

(గ్రంథాలయంలో జరిగిన సాయంత్రపు ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. మాటల్లోకి దిగేముందు ఒక్క పని చేద్దాం. ఈ తెర మీది బొమ్మను కాసేపు ఊరికే చూడండి. వెనక వరుసల్లో వాళ్ళకు కనిపిస్తోందా? ఆ కిటికీ పక్క లైటు ఆర్పెయ్యి నాయనా. ఆ, ఇప్పుడు బాగుంది. చూడండి.

సరే, ఏం కనిపించింది? "జాడీ" అంటున్నారు అమ్మ. అవునమ్మా, జాడీయే. ఇంకా? "గోధుమరంగు." అవును. "పూత కిందికి కారింది." బాగా చూశారు. "అడుగున పూత లేదు." అదీ నిజమే. భుజాల దగ్గర నాలుగు చెవులున్నాయి, గమనించారా? నాలుగు చిన్న చెవులు. మూతి ఇరుకు, భుజాలు వెడల్పు, కిందికి పోనుపోను సన్నబడింది. ఎత్తు 41.6 సెంటీమీటర్లు, వెడల్పు 36.6 సెంటీమీటర్లు. నేల మీద పెడితే ఇంచుమించు మోకాలి దాకా వస్తుంది.

దీని పేరు చిగుసా. జాడీకి పేరేమిటి అంటారా? ఉంది. మనిషికి ఉన్నట్టే సొంత పేరుంది. జపాను వాళ్ళు తమ పాత కవిత్వంలోంచి ఏరి పెట్టిన పేరు. ఇది పుట్టింది దక్షిణ చైనాలో, 13వ శతాబ్దం మధ్యకీ 14వ శతాబ్దం మధ్యకీ నడుమ. పేరు తెచ్చుకున్నది జపానులో. ఇప్పుడున్నది అమెరికాలో, వాషింగ్టన్ నగరంలోని ఫ్రీర్ గ్యాలరీలో. స్మిత్సోనియన్ సంస్థ మ్యూజియం అది, టికెట్టు ఉండదు. మీ పిల్లలు వర్జీనియాలోనో మేరీలాండ్‌లోనో ఉంటే, వెళ్ళినప్పుడు ఆ మ్యూజియం చూడకుండా రాకండి.

ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. దీన్ని చేసిన కుమ్మరి ఇదొక నిధి అనుకుని చెయ్యలేదు. సరుకు పోసి ఓడెక్కించడానికి చేశాడు. దీన్ని నిధిగా మార్చింది చూసినవాళ్ళు. ఊరికే చూసినవాళ్ళు కాదు, నిలబడి, వంగి, తిప్పి చూసి, చూసింది రాసిపెట్టినవాళ్ళు. ఒక వస్తువును వందల ఏళ్ళపాటు మనుషులు శ్రద్ధగా చూస్తే ఏమవుతుంది? దానికి జవాబు ఈ జాడీ.

ముందు మట్టి సంగతి చెబుతాను, ఎందుకంటే అది అర్థం కాకపోతే మిగతాది అర్థం కాదు. మన ఊళ్ళలో కుమ్మరి ఆవంలో కాల్చిన కుండ ఉంది కదా, దాని మట్టిలో కంటికి కనపడని రంధ్రాలుంటాయి. అందుకే నీళ్ళు పైకి చెమర్చి చల్లబడతాయి. వేసవిలో అది వరం. కానీ నూనె పోస్తే? ఊరగాయ పెడితే? పనికిరాదు. అదే మంచి జాతి మట్టిని 1200 డిగ్రీల సెంటీగ్రేడు దాటేదాకా కాలిస్తే, మట్టిలోని ఇసుక పాలు కొంత కరిగి, గాజులా పారి ఆ రంధ్రాలను మూసేస్తుంది. వేలితో కొడితే ఖంగుమంటుంది. దీన్నే స్టోన్‌వేర్ అంటారు. మీ అమ్మమ్మగారి ఆవకాయ జాడీ ఈ జాతిదే. పింగాణీ దీనికి దగ్గర చుట్టం; దాని మట్టి తెల్లగా ఉంటుంది, పలచగా చేస్తే వెలుతురు అవతలికి కనిపిస్తుంది. స్టోన్‌వేర్‌కి ఆ సోకు లేదు. అది పనిమంతురాలు.

ఇక పూత. గ్లేజు అంటున్నాం కదా, అది మట్టి పాత్ర మీద కరిగి అతుక్కున్న గాజు పొర. చైనాలో ఇది ఎలా మొదలయిందో చూడండి. సుమారు 3500 ఏళ్ళ కిందట, షాంగ్ రాజుల కాలంలో, అంత వేడి రాబట్టగల ఆవాలు వాళ్ళకు వచ్చాయి. కట్టెలు మండుతుంటే బూడిద ఎగిరి కుండల భుజాల మీద పడుతుంది. ఆ వేడికి బూడిదలోని సున్నం మట్టిలోని ఇసుకతో కలిసి కరిగి, ఆకుపచ్చగా మెరిసే పొర అవుతుంది. ఒకరు గమనించి ఉంటారు. బూడిదను మనమే నీళ్ళలో కలిపి పూస్తే పోలేదా అనుకుని ఉంటారు. హాన్ రాజుల కాలపు జాడీలు చాలా మ్యూజియాల్లో ఉన్నాయి, వాటికి పై సగమే మెరుస్తుంది, కింది సగం బోసి మట్టి. బూడిద పడిన చోటే మెరుపు. ఎంత తేటగా కనిపిస్తుందో మంట దారి!

అక్కడినుంచి 1000 ఏళ్ళకు పైగా గడిచాక మన చిగుసా దగ్గరికి వద్దాం. అప్పటికి పూతల్లో చైనా కుమ్మరులకు తెలియని విద్య లేదు. పూతలో ఇనుము పాలు తక్కువ ఉండి, ఆవంలో గాలి తగ్గిస్తే ఆకుపచ్చ వస్తుంది, సెలడాన్ అంటామే అది. ఇనుము పాలు పెంచి గాలి ఆడనిస్తే తేనెరంగూ, గోధుమరంగూ వస్తాయి. చిగుసాది ఈ రెండో దారి. గ్వాంగ్‌డాంగ్ ప్రాంతం దాని పుట్టిల్లు. అక్కడ కొండవాలు వెంబడి కట్టిన పొడవాటి ఆవాలు ఉండేవి, డ్రాగన్ ఆవాలని వాళ్ళ పేరు. కింద మంట పెడితే వేడి తనంతట తానే వాలు ఎక్కుతుంది. ఒక్క కాల్పులో వందలకొద్దీ పాత్రలు. ఆ వందల్లో ఒకటి ఇది. దీని తోబుట్టువులు ఎన్నో ఉన్నాయి, ఆ కుమ్మరి పేరు ఎక్కడా లేదు.

నాలుగు చెవులు ఎందుకు? ఎవరైనా చెబుతారా? "తాడు కట్టడానికి." అంతే బాబూ. మూత పెట్టి, ఆ చెవుల్లోంచి తాడు బిగించి కడితే ఓడ ఊగినా మూత ఊడదు. ఆ కాలంలో దక్షిణ చైనా రేవుల నుంచి బయలుదేరిన ప్రతి ఓడలో ఇలాంటి జాడీలే. మద్యం, నూనె, మసాలా దినుసులు, ఊరవేసినవి, ఏదైనా వీటిలోనే. ఒక్కోసారి పాత్రల్లో పాత్రలు కూడా. 1998లో ఇండోనేషియాలోని బెలిటుంగ్ దీవి దగ్గర సముద్రంలో ఒక ఓడ దొరికింది, 9వ శతాబ్దానిది. అందులో సుమారు 60,000 మట్టి, పింగాణీ వస్తువులు. వాటిలో ఒక గిన్నె మీద 826వ సంవత్సరానికి సరిపడే చైనా తేదీ ఉంది. గిన్నెలను ఎలా సర్దారో తెలుసా? పెద్ద పెద్ద గ్వాంగ్‌డాంగ్ జాడీల్లో గుండ్రంగా, ఒకదానిలో ఒకటి పేర్చి. 1100 ఏళ్ళు సముద్రం అడుగున ఉన్నా చాలా గిన్నెలు చెక్కు చెదరలేదు. సింగపూర్‌లోని ఏషియన్ సివిలైజేషన్స్ మ్యూజియంలో ఇప్పుడు చూడొచ్చు.

జపాను దారిలో మునిగిన ఓడ కూడా ఒకటుంది. 1323లో చైనాలోని నింగ్బో నుంచి జపానుకు బయలుదేరి కొరియా తీరంలో, సినాన్ దగ్గర మునిగింది. 1975లో ఒక జాలరి వలలో సెలడాన్ పాత్రలు పడితే అప్పుడు బయటపడింది. 20,000కి పైగా చైనా పాత్రలు, 28 టన్నుల రాగి నాణేలు! సరుకుకు కట్టిన చెక్క చీటీల మీద తేదీలున్నాయి, క్యోటోలోని తోఫుకుజీ ఆలయం పేరుంది. చిగుసా పుట్టిన కాలం ఇదే. చిగుసా ప్రయాణించిన సముద్రం ఇదే. ఆ ఓడ మునిగింది, చిగుసా ఎక్కిన ఓడ దరి చేరింది.

జపాను చేరాక సరుకు దింపేశారు. ఖాళీ జాడీ మిగిలింది. మామూలుగా అయితే కథ ఇక్కడితో అయిపోవాలి. కాలేదు. ఎందుకని? టీ వల్ల.

అక్కడి టీ మనం మరిగించి పాలు పోసే టీ కాదండీ. ఆకును ఆరబెట్టి, చిన్న తిరగలిలో మెత్తగా విసిరి, ఆ ఆకుపచ్చ పొడిని వేడినీళ్ళలో వెదురు కుంచెతో గిలక్కొట్టి తాగుతారు. చైనాలో సాంగ్ రాజుల కాలపు పద్ధతి అది. ఈసాయ్ అనే జెన్ బౌద్ధ సన్యాసి 1191లో చైనా నుంచి తిరిగొచ్చి దాన్ని జపానులో ప్రచారం చేశాడు. పొడి చేసిన టీ తొందరగా పాడవుతుంది, కాబట్టి ఆకును ఆకుగానే దాచాలి, కావలసినప్పుడే విసరాలి. దాచడానికి ఏం కావాలి? తేమ లోపలికి పోనిది, లోపలి వాసన బయటికి రానిది, మూతి ఇరుకుగా ఉండి బిగించి మూయగలిగింది. దానికి బాగా కుదిరినవి ఏవి? చైనా నుంచి సరుకుతో వచ్చిన ఈ జాడీలే.

అక్కడినుంచి ఒక ఏడాది చక్రం తయారయింది. వసంతం చివర్లో క్యోటో దగ్గర ఉజి అనే చోట టీ ఆకు కోస్తారు. ఎవరి జాడీని వాళ్ళు ఉజికి పంపుతారు. మేలిరకం ఆకును చిన్న కాగితపు సంచుల్లో పోసి జాడీలో పెడతారు, ఆ సంచుల చుట్టూ రెండో రకం ఆకును దట్టంగా కూరతారు. చెక్క మూత పెట్టి కాగితంతో అతికించి ముద్ర వేస్తారు. వేసవంతా చల్లని చోట, వీలయితే కొండ మీద ఉంచుతారు. చలికాలం మొదట్లో, వాళ్ళ పదో నెలలో, అతిథులను పిలిచి వాళ్ళ ఎదుటే ఆ ముద్ర కోస్తారు. ఆ ఆకు అక్కడే విసిరి, ఆ టీ ఆ రోజే తాగుతారు. టీ వాళ్ళకు అది కొత్త సంవత్సరంతో సమానం.

అలా ముద్ర కోసే రోజున గదిలో అన్నిటికంటే ముఖ్యమైన వస్తువు ఏది? జాడీ. అతిథులు ముందు దానినే చూస్తారు. ఇక్కడ, ఈ చూడడం దగ్గర, నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఏమీ అనుకోకండి.

16వ శతాబ్దంలో టీ మీద మనసుపడిన వర్తకులు డైరీలు రాసుకునేవాళ్ళు. ఫలానా రోజు ఫలానావారింటికి వెళ్ళాను, ఈ గిన్నెలో టీ ఇచ్చారు, గోడకు ఈ చిత్రం ఉంది, ఇలా. ఆ డైరీల్లో చిగుసా ఉంది. హకాతా ఊరి వర్తకుడు కామియా సోతాన్ 1580ల్లో దీన్ని చూసి రాసుకున్నాడు. ఏం రాసుకున్నారు వీళ్ళంతా? "అద్భుతంగా ఉంది" అనా? కాదు. మట్టి ఎర్రగా ఉందని రాశారు. పూత రంగు ఏమిటో, ఎక్కడ ఎలా కారిందో రాశారు. అడుగున ఏముందో రాశారు. పొగడ్త ఒక మాట, చూపు పది మాటలు. నాకు ఆ డైరీల గురించి తెలిసినప్పుడు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. 400 ఏళ్ళు దాటాక కూడా ఆ మాటలు పట్టుకుని ఇదే ఆ జాడీ అని గుర్తుపట్టవచ్చు కదండీ!

మళ్ళీ బొమ్మ చూడండి. ఈసారి వాళ్ళు చూసినట్టు చూద్దాం. ఇదిగో ఇక్కడ పూత బుడగలు కట్టి పొంగింది. ఇక్కడ కారి ఆగిపోయింది. ఇవన్నీ ఏమిటి? ఆవం దగ్గర నిలబడిన మేస్త్రీ అయితే లోపాలంటాడు. సరుకు జాడీకి ఎవరు పట్టించుకుంటారు, పోనీలే అని ఓడెక్కించి ఉంటాడు. టీ గదిలో కూర్చున్న మనిషి వాటిని లోపాలనలేదు. ఆ కారిన పూతలో, ఆ బుడగల్లో అందాన్ని వెతుక్కున్నాడు. మట్టీ మంటా కలిసి చేసిన పని అది, మళ్ళీ చేద్దామన్నా అలాగే రాదు. దీని తోబుట్టువులు ఎన్నో ఉన్నాయని ఇందాక అన్నాను కదా, వాటిలోంచి దీన్ని వేరుచేసి చూపించేవి ఆ మచ్చలే.

ఇప్పుడు జాడీని తిరగేద్దాం. ఇది అడుగు భాగం ఫొటో. ఈ నల్లటి గీతలు కనిపిస్తున్నాయా? సిరాతో కుంచెతో రాసిన సంతకపు గుర్తులు. సొంతదారులూ, వస్తువు విలువ కట్టగల రసజ్ఞులూ వేసినవి. అందులో ఒకటి నోఅమీదని చెబుతారు. ఆయన 1397 నుంచి 1471 దాకా జీవించాడు, షోగున్ కొలువులో, అంటే జపానును ఏలే సేనాపతి కొలువులో, కళావస్తువుల బాధ్యత చూసిన మనిషి. ఇంకొకటి సకాయి ఊరి టీ రసికుడు తొరిఇ ఇన్సెత్సుది, 1517లో పోయాడు. సకాయి అంటే ఓసాకా పక్కన పెద్ద రేవు, వర్తకుల ఊరు. గమనించండి, రాజులు కాదు, వర్తకులు! లెక్కలు రాసుకునేవాళ్ళు, సరుకు చూసి నాణ్యం చెప్పగలవాళ్ళు. వాళ్ళ కన్ను సంతలో పదునెక్కింది, టీ గదిలో పనికొచ్చింది.

పేరూ ఊరూ వచ్చాక బట్టలు కూడా వచ్చాయి. మూతికి కప్పడానికి చైనా జరీ పట్టు గుడ్డ. ఒంటికి నీలిరంగు పట్టుదారంతో అల్లిన వల సంచి. చెవులకు కట్టి ముళ్ళు వేసే పట్టు తాళ్ళు. ఆ ముళ్ళు వెయ్యడం ఒక విద్య, నేర్చుకోవాలి. ఇందాక తాడు ఎందుకన్నాం? మూత ఊడకుండా అన్నాం. ఓడలో ముతక తాడు దూరిన చెవిలోనే ఇప్పుడు పట్టు తాడు దూరింది. ఇవి కాక పెట్టెలో పెట్టె, ఆ పెట్టెలో ఇంకో పెట్టె. ఏ తరంవాళ్ళు ఆ తరంలో ఒక పెట్టె చేయించారు. పెట్టెలతోపాటు కాగితాలు, ఉత్తరాలు. ఫ్రీర్ గ్యాలరీ ఇవన్నీ కలిపే తీసుకుంది. చాలా మంచి పని. జాడీ ఒక్కటే తీసుకుని ఉంటే మనకు మట్టి మిగిలేది.

ఆ కాలంలో ఈ జాడీల కోసం ఎంత వెర్రి ఎక్కిందో రెండు మూడు సంగతులు చెబుతాను. ఓదా నొబునాగా అని అప్పట్లో జపానులో పెద్ద యోధుడు, ప్రభువు, ఆయన దగ్గర మాత్సుషిమా, మికాజుకి అనే ప్రసిద్ధమైన జాడీలుండేవి. 1582లో హొన్నోజీ ఆలయంలో ఆయన చనిపోయినప్పుడు ఆ మంటల్లో అవీ పోయాయంటారు. షోకా అనే ఇంకో జాడీ బతికింది, నగోయాలోని తొకుగవా మ్యూజియంలో ఉంది. 1594లో సుకెజాయెమొన్ అనే సకాయి వర్తకుడు ఫిలిప్పీన్స్‌లోని లుజోన్ నుంచి 50 జాడీలు ఓడలో తెచ్చి అప్పటి జపాను పాలకుడు హిదెయోషికి చూపించాడు. ఓసాకా కోటలో వాటిని వరసగా పెట్టి ధరలు కట్టారు. ప్రభువులు ఎగబడి కొన్నారు, కొద్ది రోజుల్లోనే ఖాళీ. అవీ చైనా జాడీలే! అంతకుముందు లుజోన్ వెళ్ళి, అక్కడి ఇళ్ళల్లో మద్యం పోసుకునే పాత్రలుగా ఉన్నవి. మొర్గా అనే స్పానిష్ అధికారి మనీలాలో పనిచేశాడు. 1609లో అచ్చయిన తన గ్రంథంలో, జపాను వాళ్ళు ఈ పాత గోధుమరంగు జాడీలకు ఇచ్చే ధరలు చూసి ఆశ్చర్యపోయాడు. కార్లెత్తి అనే ఫ్లోరెన్స్ వర్తకుడు 1597లో మనీలా నుంచి నాగసాకి చేరాడు. ఓడ దిగనిచ్చేముందే అధికారులు ఎక్కి వెతికారట. దేనికోసం? బంగారం కోసమా? కాదు, జాడీల కోసం.

తర్వాత తొకుగవా ప్రభువుల కాలంలో ఏటా ఉజి నుంచి ఎదోకి, అంటే ఇప్పటి టోక్యోకి, టీ జాడీల ఊరేగింపు నడిచేది. 1630ల్లో మొదలయింది. పల్లకీలో జాడీ! దారిలో పెద్ద పెద్ద ప్రభువులు కూడా పక్కకు తప్పుకోవాల్సిందే.

చిగుసా మాత్రం చేతులు మారుతూ, 19వ శతాబ్దం దాటేసరికి ఓసాకా పారిశ్రామికవేత్త ఫుజితా దెన్‌జబురో ఇంటి వస్తువయింది. 2009లో న్యూయార్క్ వేలంలో ఫ్రీర్ గ్యాలరీ కొన్నది. 2014లో దీని ఒక్కదాని చుట్టూ వాషింగ్టన్‌లో పెద్ద ప్రదర్శన పెట్టారు, తర్వాత ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ మ్యూజియానికి వెళ్ళింది. జాడీని బట్టలు లేకుండా, బట్టలతో, రెండు విధాలా జనానికి చూపించారు. సంతకాలు, పెట్టెలు, డైరీ మాటలు, అన్నీ పక్కనే.

మధ్యలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది. చెప్పమ్మా. "మన వైపు ఈ జాడీలు రాలేదా?" మంచి ప్రశ్న. వచ్చాయి. చిగుసా పుట్టిన కాలంలోనే మన మోటుపల్లి పెద్ద రేవు. ఇప్పుడు బాపట్ల జిల్లా. కాకతీయ గణపతిదేవుడు 1244లో అక్కడ అభయశాసనం వేయించాడు. అంతకుముందు గాలివానకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాక్కునేవాళ్ళు. ఇకమీదట అలా జరగదు, ముప్ఫైకి ఒకటి సుంకం తీసుకుని మిగతాది వర్తకులకే వదిలేస్తాం అని అభయమిచ్చాడు. మార్కో పోలో కూడా ఈ రేవు గురించి రాశాడు. మోటుపల్లి తవ్వకాల్లో చైనా పాత్రల పెంకులు దొరికాయి. 14వ శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ బతూతా అయితే తూర్పు సముద్రాల్లో ఒక రాజకుమారి తనకు పెద్ద జాడీలు కానుకగా ఇచ్చిందని రాశాడు. వాటిలో ఏమున్నాయో తెలుసా? ఓడ ప్రయాణానికని ఉప్పులో ఊరవేసిన అల్లం, మిరియాలు, నిమ్మకాయలు, మామిడికాయలు!

అంటే అదే జాతి జాడీ, అదే సముద్రం. క్యోటోలో దాని అడుగున సంతకం పెట్టారు, మన తీరంలో దానిలో సరుకు తిని, పగిలితే పారేశారు. తప్పని నేననను, అది పుట్టింది దానికే. కానీ మన దగ్గర మిగిలింది పెంకులే కాబట్టి ఆ పెంకులను కూడా సోతాన్ చూసినట్టు చూడాలని నా కోరిక. మట్టి రంగేమిటి, పూత ఎక్కడ ఆగింది, లోపలివైపు సారె గీతలు ఉన్నాయా, ఏ లోతులో దొరికింది. ఇది పండితులు మాత్రమే చేసే పని కాదు. ఇక్కడ ఉన్న డిగ్రీ పిల్లలు చెయ్యగలరు. హైదరాబాదు వెళ్ళినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా విభాగం ఉంది, సెలడాన్ పళ్ళేలూ ఉన్నాయి. విషం కలిపిన అన్నం వడ్డిస్తే పగిలిపోతాయని పాతకాలంలో నమ్మేవాళ్ళు వాటిని. ఆ గదిలో ఒక్క పాత్ర ఎంచుకుని, దాని ముందు పావుగంట నిలబడి, కనిపించింది కాగితం మీద పెట్టండి. బాగుంది, గొప్పగా ఉంది అనే మాటలు వాడొద్దు. కనిపించిందే రాయండి. వచ్చే నెల కలిసినప్పుడు అవి తీసుకొస్తే కూర్చుని చదువుకుందాం.

ఇక ప్రశ్నలుంటే అడగండి. ఈ పక్క బల్ల మీద చిగుసా ఫొటోలు పెద్ద సైజులో వేయించి పెట్టాను. అడుగు భాగం ఫొటో రెండు కాపీలుంది, ఒకరి తర్వాత ఒకరు చూడండి.